గంటల గవర్రాజు మూర్తిమత్వం

పోయిన నెలలో తెనాలి మార్కెట్టు వైపు వెళ్ళి వానకి చిక్కుకున్నాను. పాత పుస్తకాలమ్మే కొట్టు ఒకటి కనిపిస్తే దాని చూరు కింద నిలబడ్డాను. కొట్టాయన మంచివాడు, స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ఊరికే కూర్చోలేక పక్కనున్న బైండు ఒకటి ఒళ్ళోకి తీసుకున్నాను. పాత వారపత్రికల్లోంచి కార్టూన్లు మాత్రమే కత్తిరించి, ఎవరో ఓపిగ్గా అంటించి కుట్టించుకున్న బైండు అది. నాలుగు పేజీలు తిప్పేసరికి అతను కనిపించాడు. సన్నటి మెడ, కొక్కెంలాంటి ముక్కు, చొక్కా జేబులోంచి గొలుసుతో వేలాడే గడియారం. గంటల గవర్రాజు. కొట్టాయన నా వెనకనుంచి తొంగిచూసి పెద్దగా నవ్వాడు. "గవర్రాజండీ! పత్రిక రాగానే మా నాన్న అన్నీ వదిలేసి ముందు వీణ్ణే చదివేవాడండి. ఏం నవ్వించేవాడండి బాబూ!" అన్నాడు. నేనూ నవ్వబోయాను, రాలేదు. వాన తగ్గకముందే లేచి ఆటో ఎక్కేశాను. ఇంటికొచ్చి తల తుడుచుకున్నాక కూడా చాలాసేపు వీపు మీద చలి పోలేదు.

ఆ గవర్రాజుని గీసింది మా మేనత్త. కరుణ అత్తయ్య మా నాన్నకి అక్క. పెళ్ళికి ముందే డ్రాయింగులో లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసైంది. రేపల్లెలో హెడ్మాస్టరుగా ఉన్న దేవదానం మామయ్యని చేసుకుని వెళ్ళాక ఆమె ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ పెంకుటింటి వెనక వసారాలో, వంటింటి గుమ్మం పక్కన, చిన్న బల్ల వేసుకుని బొమ్మలు వేసుకునేది. ఒక చేత్తో ఉల్లిపాయలు వేయించి, చెయ్యి తుడుచుకుని వచ్చి పాళీ పట్టేది. అందుకే ఇప్పటికీ నల్ల ఇంకు వాసనకి నాకు పోపు వాసన కూడా తోడొస్తుంది. వారానికి నాలుగు గళ్ళ బొమ్మ ఒకటి వేసి పత్రికకి పంపేది. పంపేది అంటే ఆమె కాదు, మామయ్య. బొమ్మ పూర్తవగానే ఆయన కళ్ళజోడు పెట్టుకుని గడి గడీ చూసి, కామాలు దిద్ది, కవరు మీద అడ్రసు తన దస్తూరీతో రాసి, స్వయంగా స్టేషనుకి వెళ్ళి పెట్టెలో వేసి వచ్చేవాడు. "మా ఆవిడది చెయ్యి, నాది బుర్ర" అని ఊళ్ళో అందరికీ చెప్పేవాడు.

గవర్రాజు ఏం చేసేవాడో చెప్పాలి. పాలగిన్నెకి లోపల పాలు ఎంతవరకున్నాయో బయట సుద్దముక్కతో గీత పెట్టి ఆఫీసుకి వెళ్ళేవాడు. పిల్లి తాగిపోతే పిల్లిని కూర్చోబెట్టి విచారణ చేసేవాడు. పెళ్ళాం బజారుకి వెళ్ళి రావడానికి ఎంతసేపు పడుతుందో ముందు తనే చీర కట్టుకుని నడిచి చూసి వచ్చేవాడు. రసం ఎంతసేపు మరిగిందో గడియారం పెట్టి చూసేవాడు. బయటికి వెళ్ళేటప్పుడు తలుపు గొళ్ళానికి తెల్లదారం కట్టి, తిరిగొచ్చి ఆ సంగతి మరిచిపోయి తనే తెంపుకుని, దొంగలు పడ్డారని వీధంతా అరిచేవాడు. పెళ్ళాం ముఖం మాత్రం ఎప్పుడూ కనిపించేది కాదు. గడి అంచునుంచి గాజుల చెయ్యి ఒకటి కాఫీ గ్లాసుతో లోపలికి వచ్చేది, అంతే. జనం పడి పడి నవ్వేవాళ్ళు. తమాషా ఏంటంటే, ఎవరికి వాళ్ళకి గవర్రాజు తమకి తెలిసిన వేరే ఎవరిలాగో కనిపించేవాడు. తెనాలి కోర్టులో గుమాస్తా అయిన మా నాన్నకి వాళ్ళ పైఅధికారిలా ఉండేవాడు. మా అమ్మకి మా ఇంటి ఓనరుగారిలా ఉండేవాడు. మామయ్యకి గుంటూరు ఆఫీసులో ఎవరో సూపరింటెండెంటులా ఉండేవాడు. "అచ్చం వాడేనోయ్ రాజారత్నం, ఆ గడియారంతో సహా!" అని మా నాన్న వీపు మీద చరిచి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాడు.

సెలవులకి నేను రేపల్లె వెళ్ళేదాన్ని. తెనాలిలో పాసింజరు ఎక్కితే జంపని దాటేటప్పుడు చక్కెర ఫ్యాక్టరీ నుంచి బెల్లప్పాకం వాసన బోగీ నిండా కమ్ముకునేది. అది పోయి గాలిలో ఉప్పు తగిలిందంటే రేపల్లె వచ్చినట్టే. మామయ్య స్టేషనుకి ఎదురొచ్చేవాడు. పొట్టిగా, లావుగా, తెల్లటి ఇస్త్రీ చొక్కాలో మల్లెపువ్వులా ఉండేవాడు. చర్చిని మేం గుడి అనేవాళ్ళం, ఆ గుడిలో ఆయన పాట ఎత్తుకుంటే ఆడవాళ్ళ వైపు కూడా అందరూ గొంతు కలిపేవాళ్ళు. స్కూల్లో పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడు. అలాంటి మనిషి ఇంట్లో అత్తయ్య ఎందుకో ఎప్పుడూ గుమ్మానికి వీపు పెట్టి కూర్చునేది కాదు. బియ్యం ఏరుతున్నా, బొమ్మ వేస్తున్నా, ముఖం గుమ్మం వైపే. మామయ్య ఎప్పుడూ గట్టిగా పిలిచేవాడు కాదు. హాల్లోంచి మెల్లగా "కరుణా" అనేవాడు, ఒక్కసారే. రెండోసారి అనవలసిన అవసరం రావడం నేను చూడలేదు. కిరసనాయిలు డబ్బాకి, చక్కెర డబ్బాకి సుద్దగీతలు ఉండేవి. నాకవి చిన్నప్పటినుంచీ తెలుసు. గవర్రాజు వచ్చింది వాటి తర్వాత అని మాత్రం నాకు తట్టలేదు. మామయ్య బొమ్మలు చూసి సరదాకి అలా చేస్తున్నాడనుకునేదాన్ని.

డిగ్రీ అయ్యాక బి.ఇడి.కి బాపట్లలో చేరాను. సముద్రపు గాలికి హాస్టలు కిటికీల మేకులన్నీ తుప్పుపట్టి ఉండేవి. తెల్లచీరలు ఉతికి ఆరేస్తే సాయంత్రానికి కూడా చెమ్మ పోయేది కాదు. మాకు సైకాలజీ చెప్పే విమల మేడమ్ సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మూర్తిమత్వం పాఠం మొదలుపెట్టినప్పుడు ఆమె లక్షణాంశాల సిద్ధాంతం గురించి చెప్పారు. మనిషి స్వభావం అంటే కొన్ని నిలకడైన లక్షణాల కలయిక అనీ, నలుగురూ ఒక మనిషిని గురించి చెప్పేటప్పుడు వాడే మాటలు కేంద్ర లక్షణాలనీ, అప్పుడప్పుడు మాత్రమే బయటపడేవి గౌణ లక్షణాలనీ చెప్పారు. కొందరిలో మాత్రం ప్రధాన లక్షణం ఒక్కటే ఉంటుందనీ, లేచింది మొదలు పడుకునేదాకా వాళ్ళు చేసే ప్రతి పనీ దాని చుట్టే తిరుగుతుందనీ అన్నారు. అందరం తలా ఒక వ్యక్తిని తీసుకుని విశ్లేషించి రాసుకురావాలి. "తెలిసినవాళ్ళ మీద రాయకండమ్మా, ఇళ్ళల్లో గొడవలొస్తాయి. కథల్లోంచో, బొమ్మల్లోంచో తీసుకోండి" అని నవ్వారు. నేను వెంటనే గవర్రాజు పేరు చెప్పాను. క్లాసంతా చప్పట్లు కొట్టారు.

మొదట రాసింది ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. కేంద్ర లక్షణాలు సమయపాలన, పొదుపు, శుభ్రత, పట్టుదల. ప్రధాన లక్షణం క్రమబద్ధత. పక్కన జోకులు కూడా రాశాను. మేడమ్ దాన్ని చదివి నన్ను స్టాఫ్‌రూముకి పిలిచారు. "బాగుందమ్మా సునీతా. కానీ నువ్వు నవ్వుతూ రాశావు. ఆ నవ్వు తీసేసి మళ్ళీ చూడు. ఒక లక్షణం ఎక్కడ కనిపిస్తుందో అందరూ చెబుతారు. అది ఎక్కడ కనిపించదో చూడు, అసలు సంగతి అక్కడుంటుంది" అన్నారు. నాకు అర్థం కాలేదు. నా దగ్గర ఉన్న బొమ్మలు చాలవని, మొత్తం చూడాలని, శనివారం రైలెక్కి రేపల్లె వెళ్ళాను.

మామయ్య ఎంత సంబరపడ్డాడో! సోమవారం స్కూలుకి బయలుదేరేముందు బీరువా తెరిచి పత్రికల కట్టలన్నీ దింపి హాల్లో పేర్చాడు. అత్తయ్య మాత్రం చేతులు పైటకి తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడింది. ఆయన చెప్పులు వేసుకోవడానికి వెళ్ళినప్పుడు నా దగ్గరికొచ్చి, "ఇంకేదైనా తీసుకోరాదటే? ఊళ్ళో కార్టూన్లు లేవా?" అంది. నేను ఆమె సిగ్గుపడుతోందనుకున్నాను. మామయ్య వెళ్ళాక కట్టలు ముందేసుకుని కూర్చున్నాను. మేడమ్ చెప్పినట్టు, నవ్వకుండా చదివాను. ఒక్కొక్కటీ విడిగా చదివితే నవ్వొచ్చే బొమ్మలు వరసగా చదువుతుంటే ఒక్కదానికీ నవ్వు రాలేదు. గవర్రాజు ఆఫీసుకి రోజూ ఆలస్యంగానే వెళ్తాడు. అక్కడ ఫైళ్ళ మీద తల పెట్టి నిద్రపోతాడు. అతని చెప్పులు ఎప్పుడూ తలోచోటా పడి ఉంటాయి. ఆ గడియారం బయటికొచ్చేది ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చాకే, ఆ గాజుల చెయ్యి కనిపించినప్పుడే. అతను ఎప్పుడూ కోప్పడడు. కోప్పడే అవసరమే రాదు.

తల వేడెక్కి, ముఖం కడుక్కుందామని లేచాను. నూతి దగ్గరికి వెళ్ళడానికి వెనక తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాను.

"తియ్యకే!"

అత్తయ్య గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. అప్పుడు చూశాను. గొళ్ళానికీ తలుపు రెక్కకీ మధ్య, మామూలుగా చూస్తే కనిపించనంత సన్నగా, కుట్టుపని తెల్లదారం ఒక పోగు.

"ముందువైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళు" అంది. తర్వాత నా ముఖం చూసి, నవ్వు తెచ్చుకుని, "గవర్రాజు చూస్తాడు మరి" అంది.

పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తుంటే ఆమె వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మామయ్య వచ్చి వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, తిరిగొచ్చి, "ఏమ్మా, పని బాగా సాగిందా?" అని నన్ను ఆప్యాయంగా అడిగాడు. అవునన్నాను.

బాపట్ల వచ్చి మళ్ళీ రాశాను. ఈసారి ఎవరి గురించి రాస్తున్నానో నాకు తెలుసు. ఇతని ప్రధాన లక్షణం సమయపాలన కాదు, పొదుపు కాదు, తన ఇంట్లో ఉన్న ఇంకో మనిషి తనకి తెలియకుండా ఊపిరి కూడా తీసుకోకూడదనుకోవడం. తక్కినవన్నీ దానికి పనిముట్లే, హాస్యం కూడా, అని రాశాను. అత్తయ్య పేరు గానీ, ఆమె మాకేమవుతుందని గానీ ఎక్కడా రాయలేదు. మేడమ్‌కీ చెప్పలేదు. ఆమె దాన్ని రెండుసార్లు చదివారు. "ఈ బొమ్మలు వేసే అతనికి తను ఏం వేస్తున్నాడో తెలుసంటావా?" అని మాత్రం అడిగారు. తెలియదండి అన్నాను.

అక్కడితో అది అయిపోయేది. కానీ కొన్నాళ్ళకి మేడమ్ ఏదో పరీక్షల డ్యూటీ మీద రేపల్లెలో మామయ్య స్కూలుకి వెళ్ళారు. మామయ్య ఆమెని కూర్చోబెట్టి కాఫీ తెప్పించి, అలవాటు ప్రకారం తన భార్య గవర్రాజుని గీసే కార్టూనిస్టని చెప్పాడు. మాటల్లో మేనకోడలు బాపట్లలో చదువుతోందని కూడా చెప్పాడు. మేడమ్ పొంగిపోయారు. వెనక్కొచ్చి నా విశ్లేషణ కాపీ ఒకటి ఆయనకి పోస్టులో పంపారు. ఆ గవర్రాజు ఆయనేనని ఆమెకేం తెలుసు, ఒక మంచి టీచరు ఒక మంచి హెడ్మాస్టరుకి చేసిన మర్యాద అది.

కోతపండగ ఆదివారం అందరినీ రేపల్లె రమ్మని మామయ్య కబురు పెట్టాడు. నాన్నా నేనూ వెళ్ళాం, అమ్మకి ఒంట్లో బాగాలేక రాలేదు. గుడికి కానుకగా వచ్చిన గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు వేలం వేస్తుంటే మామయ్యే పాడించాడు. ఇంటికొచ్చి కోడికూర, గారెలు తిన్నాం. నాన్న పడకకుర్చీలో వాలాడు. మామయ్య చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీశాడు. ఆ మడతలు బాగా నలిగి ఉన్నాయి. ఆయన వాటిని ఇవాళ కొత్తగా తీయడం లేదు.

"రాజారత్నం, నీ కూతురు ఎంత బాగా రాసిందో విను" అని, గుడిలో వాక్యం చదివే గొంతుతో మొదలుపెట్టాడు. ఎక్కడా తడబడలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. నాన్న మొదట తల ఊపుతూ విన్నాడు, తర్వాత ఊపడం ఆపాడు. తలుపు గొళ్ళెం, దారం దగ్గరికి వచ్చేసరికి నాన్న నా వైపు చూశాడు, నేను నేలకేసి చూశాను. అత్తయ్య మంచినీళ్ళ గ్లాసులతో వంటింటి గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. కాగితాలు అయిపోయాయి. మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పిల్ల తెలివిగలది. నేను కాదనను. నాకు ఒక్కటే తెలియాలి" అని, మెల్లగా, ఎప్పటి గొంతుతోనే అడిగాడు. "కరుణా, ఈ గవర్రాజు ఎవరు?"

ఎవరి పేరు చెప్పినా సరిపోయేది. ఆ గుంటూరు సూపరింటెండెంటు పేరు చెప్పినా సరిపోయేది. చెప్పమని నేను మనసులో దేవుడికి మొక్కుకున్నాను.

"మీరేనండి" అంది అత్తయ్య.

మామయ్య నవ్వాడు. ఎప్పుడూ నవ్వేటంత పెద్దగా, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నాన్న కూడా ఊపిరి పీల్చుకుని నవ్వు కలిపాడు. ఉన్నట్టుండి కుళాయి కట్టేసినట్టు మామయ్య నవ్వు ఆగిపోయింది, నాన్న నవ్వొక్కటే గదిలో మిగిలింది. "ఆ వసారాలో వెలుతురు చాలదు. పాపం, దాని కళ్ళు పాడైపోతున్నాయి. రేపు ఆ బల్ల తీయించేస్తాను" అన్నాడు మామయ్య, నిజంగానే జాలిపడుతున్నట్టు. తర్వాత నీళ్ళు తాగి, గ్లాసు అత్తయ్య చేతికే ఇచ్చాడు. తిరుగు రైల్లో నాన్న కిటికీలోంచి చూస్తూ, "వాళ్ళ సంసారం వాళ్ళది. మనం కలగజేసుకోకూడదు" అన్నాడు. నన్నేమీ అనలేదు.

పత్రికలో గవర్రాజు రావడం ఆగిపోయింది. పరీక్షలకి చదువుకోమని ఇచ్చిన సెలవుల్లో నేను తెనాలిలో ఇంట్లో ఉండగా, ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. అత్తయ్య. సంచీ లేదు, చేతిలో ఏమీ లేదు. ఇంట్లో కట్టుకునే నేతచీర, వేళ్ళకి పసుపు. వంట మధ్యలో లేచి వచ్చినట్టుంది. అమ్మ గబగబా ఎదురెళ్ళి, "ఏంటి వదినా, ఏమైంది?" అంది. అత్తయ్య మంచం మీద కూర్చుని పైటతో వేళ్ళ పసుపు తుడుచుకుంది.

బల్ల తీయించేశాడు. ఇంకు సీసాలు, పాళీలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ముందు తలుపుకి కూడా దారం వచ్చింది. అదంతా ఆమె మామూలుగానే చెప్పింది. గొంతు వణికింది వేరేచోట. "రోజూ సాయంత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతారు వదినా, ఇవాళ ఏం ఆలోచించావు అని. ఏం లేదండి అంటాను. ఏం లేకుండా ఎలా ఉంటుంది, చెప్పు అంటారు. నవ్వుతూనే అడుగుతారు. ఏదో ఒకటి చెప్పేదాకా లేవనివ్వరు. నిన్నటినుంచి నాకు నిజంగానే ఏ ఆలోచనా రావట్లేదు. అది చూసి భయమేసి వచ్చేశాను." అమ్మ ఆమె తల తన భుజానికి ఆనించుకుంది.

తర్వాతి ఆదివారం గుడి అయ్యాక మామయ్య వచ్చాడు. హాల్లో కుర్చీలో కూర్చుని, నాన్నతో వానల గురించి, కాలవ నీళ్ళ గురించి మాట్లాడాడు. అత్తయ్య లోపలిగదిలోంచి రాలేదు. ఆయన పిలవనూ లేదు. మనిషి ఎక్కడుందో గోడలోంచి కనిపిస్తున్నట్టు, అటువైపే ముఖం పెట్టి కూర్చుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. ఆ పై ఆదివారం వచ్చాడు. ఆ పై ఆదివారమూ. శనివారం సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా గొంతులు తగ్గించుకునేవాళ్ళం. ఒకసారి గుడి పాస్టరు అయ్యగారిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. అయ్యగారు పెద్దాయన, మంచి మనసున్నవారు. అత్తయ్యని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"కొడతాడా అమ్మా?"

"లేదండి."

"తాగుతాడా?"

"లేదండి."

"పరాయి ఆడవాళ్ళ గొడవేమైనా?"

"లేదండి అయ్యగారూ."

"మరి ఏంటమ్మా నీ కష్టం?"

దారం కడతాడండి అంటే ఆయన నవ్వేవారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో అత్తయ్యకి తెలుసు, ఎన్నో ఏళ్ళు రాష్ట్రమంతటినీ ఆ నవ్వు నవ్వించింది తనే. అయ్యగారు ప్రార్థన చేసి, ఇంకో నెలలో సర్దుకుని ఇంటికి వెళ్ళమని చెప్పారు. నాన్న తల ఊపాడు.

ఆ నెలలోనే గవర్రాజు మళ్ళీ పత్రికలోకి వచ్చాడు. మా పక్కింటి అమ్మాయి పరుగెత్తుకొచ్చి చూపించింది. గీతలు మోటుగా ఉన్నాయి, మామయ్య స్కూల్లో ఎవరిచేతో వేయించి ఉంటాడు. గవర్రాజు ఒళ్ళు చేశాడు, ముఖంలో శాంతం వచ్చింది. పెళ్ళాం మొదటిసారి గడి లోపలికి పూర్తిగా వచ్చింది. గడ్డం మీద పుట్టుమచ్చతో సహా అచ్చం అత్తయ్య. నోరు ఇంతేసి తెరిచి అరుస్తోంది, గరిటె విసురుతోంది, పుట్టింటికి పోతానని గుమ్మంలో నిలబడి వీధికి వినిపించేలా మొగుణ్ణి నిలదీస్తోంది. గవర్రాజు పాపం చెవులు మూసుకుని ఆకాశంకేసి చూస్తున్నాడు. తర్వాతి వారం ఇంకొకటి, ఆ తర్వాత ఇంకొకటి. ఊళ్ళో జనం వీటికీ నవ్వారు. మా వీధిలో కొందరు అత్తయ్య వెళ్తుంటే పైట అడ్డం పెట్టుకునేవాళ్ళు. అమ్మ ఆ పత్రికలు దాచేసేది. ఒకరోజు అత్తయ్య వాటిని వెతికి తీసుకుని నా పక్కన వచ్చి కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను.

"మీ మేడమ్ చెప్పినట్టు చూద్దామే" అంది. "నవ్వు తీసేసి చెప్పు. ఈ ఆడమనిషి ఏం చేస్తోంది?"

"అరుస్తోంది" అన్నాను భయంగా.

"ఊఁ, ఇంకా?"

"ఎందుకు అని అడుగుతోంది. తలుపు తీసుకుని బయటికొస్తోంది. మొగుడి కళ్ళల్లోకి చూసి మాట్లాడుతోంది."

"ఏం చెయ్యట్లేదు? అది కదా చూడమంది ఆవిడ."

మూడు బొమ్మలూ మళ్ళీ చూశాను. "భయపడట్లేదు అత్తయ్యా. ఒక్క గడిలో కూడా భయపడట్లేదు."

అత్తయ్య ఆ బొమ్మ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "ఈవిడెవరో గానీ బావుందే" అంది. తర్వాత మెల్లగా నవ్వు మొదలైంది. రేపల్లెలో నేనెప్పుడూ వినని నవ్వు. ఆయన ఆమెని అల్లరిపాలు చేద్దామని కూర్చుని, ఆమెకి ఏనాడూ లేని ధైర్యమంతా పుట్టుమచ్చతో సహా గీయించి పంపించాడు.

ఆ ఆదివారం మామయ్య వచ్చేసరికి అత్తయ్య వీధి అరుగు మీదే నిలబడి ఉంది. ఆయన మెట్టు ఎక్కబోయి ఆగాడు.

"ఏంటండీ, ఎందుకొచ్చారు?" అంది. గొంతు పెద్దదే, కానీ అరుపు కాదు. ఎదురింటి కిటికీలో ఎవరో తలెత్తారు.

"రాజారత్నంతో మాట్లాడదామని" అన్నాడు.

"వాడితో ఏముంది? నాతో చెప్పండి. ప్రతివారం వచ్చి ఆ గోడకేసి ఎందుకు చూస్తారు? ఆ తలుపుకి దారం ఎందుకు కట్టేవారు? చెప్పండి, వింటాను."

మామయ్య నాన్నకేసి చూశాడు. నాన్న వచ్చి అత్తయ్య పక్కన నిలబడ్డాడు. నాన్న జీవితంలో చేసిన పెద్ద సాహసం అదేననుకుంటాను. మామయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరూ అడగని ఇంట్లో అన్నేళ్ళు బతికిన మనిషి దగ్గర జవాబులుండవు. వెళ్ళిపోతూ నావైపు తిరిగి, "టీచరువి కాబోతున్నావు. పిల్లలకి ఏం నేర్పుతావో జాగ్రత్తమ్మా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే కొన్నేళ్ళపాటు నాకది కలలోకి వచ్చేది. ఆ తర్వాత ఆయన మా వీధిలోకి రాలేదు. బొమ్మలూ రాలేదు.

అత్తయ్య తెనాలిలోనే ఆడపిల్లల స్కూల్లో డ్రాయింగు టీచరుగా చేరింది. నేను బి.ఇడి. పాసై, పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాను. చాలా ఏళ్ళ తర్వాత మామయ్య పోయినప్పుడు రేపల్లెలో గుడి చాలక జనం ఆవరణలో నిలబడ్డారు. ఆయన క్రమశిక్షణ గురించి, ఓపిక గురించి, సరసమైన మాట గురించి ఒకరి తర్వాత ఒకరు చెప్పి ఏడ్చారు. వాళ్ళు చెప్పినవన్నీ నిజాలే. నన్ను భయపెట్టేది ఇప్పటికీ అదే. ఇప్పుడు అయ్యగారు అడిగినటువంటి ప్రశ్నలకి జవాబు చెప్పడానికి ఆడపిల్లలకి మాటలున్నాయి, చట్టాలున్నాయి, వినేవాళ్ళూ కొందరున్నారు. అయినా మొన్న బాపట్ల బస్సులో నా పక్కన కూర్చున్న కొత్త పెళ్ళికొడుకు, ఫోనులో మ్యాపు మీద కదిలే చుక్కని స్నేహితుడికి చూపించి, "మా ఆవిడ బజారు దాటింది చూడు" అని నవ్వాడు. స్నేహితుడూ నవ్వాడు. ఆ పిల్లాడు ముఖం చూస్తే చాలా మంచివాడు. నేను వాళ్ళిద్దరినీ చూసి ఏదో అనబోయి, మాటలు కూడదీసుకునేలోపు నా స్టాపు వచ్చేసింది.

అత్తయ్య చివరిదాకా మాతోనే ఉంది. స్కూలు పిల్లలకి పువ్వులు, కుండలు, చిలకలు నేర్పేది గానీ మళ్ళీ కార్టూను వేయలేదు. ఒకసారి అడిగాను, ఎందుకు మానేశావు అత్తయ్యా అని. "అప్పుడు చెప్పుకోవడానికి ఎవరూ లేక వేశానే. ఇప్పుడు నువ్వున్నావుగా, నోటితోనే చెబుతాను" అంది. నిజంగానే చెప్పేది. మధ్యాహ్నాలు అన్నాలయ్యాక, చింతపండు గింజలు తీస్తూ, ఆ ఇంట్లో జరిగినవి ఒకటీ అరా చెప్పేది. బొమ్మల్లోకి ఎక్కినవాటికంటే చాలా చిన్నవి. వాటిలో ఒక్కటి కూడా నవ్వొచ్చేది కాదు.